ఖాళీల బేరం

పద్దెనిమిదేళ్ళుగా ఖమ్మంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. యూనిట్ టెస్టు పేపర్లలో 'ఖాళీలను పూరింపుము' అని నా చేత్తో ఎన్ని వందల సార్లు రాశానో లెక్కలేదు. అలాంటివాణ్ణి 2020 జులై నుంచి తొమ్మిది నెలల పాటు ఖాళీలు తయారుచేసి అమ్ముకున్నాను. మొదట్లో ఒక్కో ఖాళీ పదిహేను పైసలు పలికింది. ఈ సంగతి ఇంట్లో తప్ప బయట ఎవరికీ తెలియదు. ఇంట్లోనూ సగమే తెలుసు.

ఆ ఏడాది మార్చి మధ్యలో కరోనా వల్ల బళ్ళు మూశారు. యాజమాన్యం ఏప్రిల్లో సగం జీతం ఇచ్చింది, మేలో "పరిస్థితి మీకు తెలియంది కాదు" అన్న మాట ఇచ్చింది, జూన్ నుంచి అదీ ఇవ్వలేదు. సోషల్ సారు టీవీఎస్ ఎక్సెల్ మీద కూరగాయలు పెట్టుకుని కాలనీలు తిరిగాడు. పీఈటీ సారు వాళ్ళ ఊరెళ్ళి ఉపాధి హామీ పనిలో గడ్డపార పట్టాడు. అప్పుడు దాని రోజుకూలి 237 రూపాయలు. మా ఆవిడ అటక మీది కుట్టుమిషను దింపించి, బట్టల షాపుకు మాస్కులు కుట్టడం మొదలుపెట్టింది. మాస్కుకు మూడు రూపాయలు. నాకేమో కూరగాయల బండంటే నామోషీ, గడ్డపారంటే నడుం నొప్పి, మిషనంటే దారం ఎక్కించడం కూడా రాదు. వచ్చింది తెలుగొక్కటే.

అప్పుడే హైదరాబాదులో ఉన్న పాత విద్యార్థి ఒకడు "సార్, వెబ్‌సైట్లకు తెలుగులో ఆర్టికల్స్ రాసేవాళ్ళు కావాలంట" అని ఒక నంబరు పంపాడు. తెలుగు రాతకు అంత గిరాకీ ఎందుకొచ్చిందో నాకు తర్వాతెప్పుడో గానీ తెలియలేదు. గూగుల్ వాళ్ళ యాడ్‌సెన్స్ 2018లో తెలుగుకు తలుపు తీసింది. అంతవరకూ తెలుగు పేజీల మీద ఆ ప్రకటనలకు అధికారికంగా చోటు లేదు. తలుపు తీశాక, పేజీ ఎంత పొడుగుంటే అన్ని ప్రకటనలు ఇరికించొచ్చని చాలామందికి తోచింది. పొడుగు సాగదీయడానికి మనుషులు కావాలి. ఇదేమీ తెలియని నాకు ఆ రోజు అర్థమైంది ఒక్కటే. ఇన్నాళ్ళకు లోకానికి తెలుగు సారుతో అవసరం పడింది!

కోఆర్డినేటర్ మేడం వాట్సాప్‌లో పంపిన షరతులు మూడే ముక్కలు. ఆర్టికల్ 500 పదాలు. పర్ వర్డ్ 0.15. పేమెంటు వచ్చే నెల పదో తారీకున. ఆ 0.15 ముందు రూపాయి అని లేదు, వెనక పైసా అని లేదు. ఆన్‌లైన్ పనంటే డాలర్లే అని మా బామ్మర్ది ఎప్పుడో అన్నమాట నా చెవిలో ఉండిపోయింది. అయినా అనుమానం తీర్చుకుందామని గూగుల్లో వెతికాను. అమెరికాలో రాసేవాళ్ళకు పదానికి పది, పదిహేను సెంట్లు మామూలేనని కనబడింది. ఇంక మేడాన్ని అడగాల్సిన పనేముంది? అడిగితే తగ్గిస్తుందేమోనన్న భయం ఒకటి.

క్యాలెండర్లో జూన్ కాగితం చించి, వెనకవైపు లెక్క వేశాను. డాలరు 75 రూపాయలు. పదానికి 11 రూపాయల 25 పైసలు. ఆర్టికల్‌కు 5,625. రోజుకొకటి రాస్తే నెలకు 1,68,750. స్కూల్లో నా జీతం 14 వేలు. ఆ కాగితం తీసుకెళ్ళి మా ఆవిడకు చూపించాను. ఆమె మిషను తొక్కడం ఆపకుండానే, "డబ్బులొచ్చినాక చెప్పండి. ఆ కత్తెర ఇటియ్యండి" అంది. నేను కత్తెర ఇచ్చి బయటికొచ్చి బామ్మర్దికి ఫోన్ చేశాను. మీ అక్కను ఇంక మిషను తొక్కనివ్వనన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. అంతకుముందు సంవత్సరం వాడి దగ్గర తీసుకున్న 20 వేల చేబదులు ఆగస్టులో వడ్డీతో సహా ఇచ్చేస్తానన్నాను. "మన మధ్య వడ్డీ ఎందుకు బావా" అన్నాడు వాడు. తీసుకోవాల్సిందేనని గద్దించాను కూడా.

ఆ నెల 26 ఆర్టికళ్ళు రాశాను. పగలు ఫోను మా అమ్మాయి క్లాసులకు, రాత్రి పది దాటాక నాకు. వంటింటి గట్టుకు ఆనుకుని, ఒంటివేలితో కొట్టేవాణ్ణి. ఒక్కోదానికి మూడు గంటలు పట్టేది. 13 వేల పదాలు. నా లెక్కలో 1,46,250 రూపాయలు.

ఆగస్టు పది, సోమవారం, బ్యాంకు మెసేజ్ వచ్చింది. 1,755 జమ. కింద ఇంకేమైనా ఉందేమోనని వేలితో పైకి తోసి చూశాను. ఏమీ లేదు. మాస్కు కట్టుకుని బ్యాంకుకు వెళ్ళి, సున్నం గీసిన గుండ్రాల్లో ఒక్కో గుండ్రం జరుగుతూ అరగంట నిలబడి పాస్‌బుక్కు ప్రింటు వేయించాను. అందులోనూ 1,755. బ్యాంకు మెట్ల మీదనుంచే మేడానికి ఫోన్ చేశాను.

"మేడం, డాలర్ల పేమెంటు విడతలుగా వస్తుందా?"

"ఏం డాలర్లు సార్?"

"పదానికి 0.15 అన్నారు గదా."

"అవును సార్. పదిహేను పైసలు."

ఇక్కడ నేను ఊరుకోవాలి. ఊరుకోలేదు. "ఏ దేశం పైసలు మేడం?" అని అడిగాను.

ఆమె నవ్వలేదు. అంత ఓర్పున్న పిల్లను నేను మళ్ళీ చూడలేదు. "మన దేశమే సార్" అంది. మొత్తం 1,950 అనీ, పది శాతం టీడీఎస్ పోగా మిగిలింది వేశామనీ, పాఠం చెప్పినట్టు చెప్పింది.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే కాసేపు దారం చూసుకుని, "అంటే నా మాస్కుకు మీ ఇరవై మాటలు" అంది. ఎగతాళికి కాదు, ఉత్తినే లెక్క కట్టింది. రోజుకు నలభై మాస్కులు కుడుతుంది. అది నా 800 మాటలు. పీఈటీ సారు గడ్డపార కూలి నా లెక్కలో 1,580 మాటలు. బామ్మర్దికి మాత్రం డాలర్ రేటు పడిపోయిందని చెప్పాను.

మానేయాల్సింది ఆ రోజే. మానకపోగా, దిగుబడి పెంచే ఉపాయం వెతకడం మొదలుపెట్టాను.

ఒకసారి 500 పదాల ఇంగ్లీషు ఆర్టికల్ ఇచ్చి తెలుగు చెయ్యమన్నారు. ఒక్క ముక్క వదలకుండా చేశాను. డబ్బు 340 పదాలకే లెక్కగట్టారు. "మొత్తం రాశాను గదా మేడం" అంటే, "కౌంట్ 340 చూపిస్తుంది సార్" అంది. ఆ యంత్రానికి తెలుగు తెలియదు, ఇంగ్లీషూ తెలియదు. రెండు ఖాళీల మధ్య ఏముంటే అది ఒక పదం. ఇంగ్లీషువాడు అరడజను మాటలు వరసగా నిలబెట్టి చెప్పేదాన్ని మనం 'ఇంట్లోంచేనట' అని ఒక్క బిగిన అనేస్తాం. విభక్తి, అవధారణం, అనుమానం అన్నీ దానికే అంటుకుపోతాయి. మన భాష పొదుపుకు మూడో వంతు కూలి కోత.

ఆ రాత్రి గట్టు దగ్గర నిలబడి 'చేసుకోవాల్సివస్తుందేమోనని' అని ఒక మాట కొట్టాను. కొట్టి ఆగాను. పదిహేను పైసలు. దాన్ని 'చేసుకొన వలసి వస్తుంది ఏమో అని' చేశాను. డెబ్బై అయిదు పైసలు! నా ఒళ్ళు ఝల్లుమంది. అక్షరానికి కాదు, ఖాళీకి డబ్బు. నా దగ్గర కావలసినంత ఖాళీ ఉంది.

ఇంక చూస్కోండి. ఉత్వసంధి నిత్యమని, దానికి వికల్పం లేదని పిల్లల చెవులు మెలిపెట్టి చెప్పినవాణ్ణి, 'ఎందుకంటే' కనబడితే 'ఎందుకు అంటే' అని విరగ్గొట్టాను. 'మనమంతా' అని రాస్తే 'మనము అంతా' చేశాను. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, రాత్రింబవళ్ళు, కష్టసుఖాలు ఏవీ మిగల్లేదు. ద్వంద్వ సమాసం కనబడితే చాలు, పరీక్షలో విగ్రహవాక్యం రాసినట్టు 'తల్లి మరియు తండ్రి' అని విప్పేవాణ్ణి. ఒకటి మూడయ్యేది.

ఆ 'మరియు' గురించి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళలో నేను ఎర్రసిరాతో అన్నిటికంటే ఎక్కువసార్లు గుండ్రం చుట్టిన మాట అదే. 'అమ్మా నాన్నా వచ్చారు' అంటే దీర్ఘంలోనే ఉంది, దీనితో పనిలేదు అని మార్జిన్లో రాసేవాణ్ణి. అదే మాట ఇప్పుడు పేరాకు నాలుగు చొప్పున నాటుతున్నాను. నారు వేసినంత శ్రద్ధగా. 'మన యొక్క' ఒకటి. 'అనునది' ఒకటి. ఇవన్నీ ఖర్చులేని పంటలు.

'కరివేపాకు ఒంటికీ జుట్టుకూ మంచిది' అని నాలుగు మాటల్లో అయిపోయేదాన్ని ఎలా రాశానో నాకిప్పటికీ కంఠతా వచ్చు. 'కరివేప ఆకు అనునది మన యొక్క ఆరోగ్యమునకు మరియు మన యొక్క జుట్టునకు ఎంతో మేలు చేయునటువంటి ఒక ఆకు అయి ఉన్నది.' పదిహేడు. అరవై పైసలది రెండు రూపాయల యాభై అయిదు పైసలైంది. రాసినవాడిది బట్టతల. మేడం ఫోటో అడగలేదు గనక సరిపోయింది.

అది తిరిగొచ్చింది. నేను భాష గురించి అనుకుని భయపడ్డాను. కాదు. "కీవర్డ్ విడగొట్టొద్దు సార్, గూగుల్ పట్టుకోదు. కరివేపాకు అని ఒక్కటే రాయండి, ఎనిమిది సార్లు రావాలి" అంది. ఆ ఒక్క మాటనూ మళ్ళీ అతికించాను. వాక్యం పదహారుకు దిగింది. తెలుగు సారు చంపిన సంధుల్లో గూగుల్ బతికించింది అదొక్కటే. ఈ కీవర్డులకు విభక్తి తగిలించకూడదని ఇంకో నియమం. 'ఖమ్మంలో మంచి హోటల్' అనకూడదు, 'మీరు ఖమ్మం బెస్ట్ హోటల్ చూస్తున్నారా' అనాలి. మొదట్లో పళ్ళు కొరికేవాణ్ణి, తర్వాత అలవాటైంది. ఇంగ్లీషులో ఈ పొట్టు రాతల్ని గూగుల్ 2011 ఫిబ్రవరిలోనే పాండా అనే మార్పు తెచ్చి చెరిగిపారేసిందట. తెలుగు దాకా ఆ చేట రావడానికి టైము పడుతుందన్నమాట.

నవంబరులో, దీపావళి దాటాక, అసలు ఆర్టికల్ వచ్చింది. 'ఇంట్లో కూర్చుని డబ్బు సంపాదించడం ఎలా: 7 సులభ మార్గాలు.' మొదటి మార్గంగా వెబ్‌సైట్లకు రాయడం పెట్టమన్నారు. అనుభవమున్న విషయం గనక దానిమీద బాగా రాశాను. నెలకు 3,000 రూపాయల దాకా సంపాదించవచ్చు అన్నాను. నిజానికి నేను ఏ నెలా రెండు వేలు దాటలేదు. అయినా ఆశావాదం ఉండాలి కదా అనుకున్నాను. మేడం ఫోన్ చేసి, "మూడు వేలంటే ఎవరు నొక్కుతారు సార్?" అంది. నేనే ఒక సున్నా తగిలించాను. ఆమె అంకె చెప్పలేదు. దానికి నాకు పైసా రాలేదు, సున్నా పదం కాదు కదా. పదిహేను పైసల రేటున 30 వేలు రావాలంటే నెలకు రెండు లక్షల పదాలు రాయాలి. ఆ లెక్క నాకు తెలుసు. వ్యాసంలో రాయలేదు.

ఇంట్లో తెలియని సగం ఇక్కణ్ణుంచి.

సంక్రాంతి వెళ్ళాక సోషల్ సారు ఫోన్ చేశాడు. వెనక ఎవరో వంకాయలు బేరమాడుతున్నారు. "తెలుగు సార్, గ్రూపుల ఒక ఆర్టికల్ వచ్చింది. ఇంట్ల కూసోని రాస్తే నెలకు ముప్పై వేలంట. నిజమేనంటరా? మీకు తెలిసుంటదని అడుగుతున్న" అన్నాడు. అక్కడే చెప్పేస్తే అయిపోయేది. కానీ అది రాసింది నేనేనంటే పదిహేను పైసల సంగతి కూడా చెప్పాలి. అప్పటికే స్కూలు గ్రూపులో 'కంటెంట్ వర్క్ చేస్తున్నా, బిజీ' అని రెండుసార్లు పెట్టి ఉన్నాను. "ప్రయత్నిస్తే పోయేదేముంది సార్" అన్నాను. పొద్దున పూట బండి ఆపేసి అతను రాయడం మొదలుపెట్టాడు.

పది రోజులకు మళ్ళీ ఫోన్. ఈసారి నవ్వాపుకోలేకపోతున్నాడు. "సార్, ఎట్ల రాయాల్నో చూస్కోమని వాళ్ళు శాంపిల్ పంపిండ్రు. ఇనుండ్రి" అని చదివాడు. కరివేపాకు అనునది మన యొక్క ఆరోగ్యమునకు మరియు... పూర్తిగా చదివాడు. "వీడెవడో గానీ తెలుగు ఒచ్చినోడు కాదు సార్. మా చిన్నోడు ఇట్ల రాస్తే మీరు గుండ్రం చుడ్తరు గదా!"

"అవున్సార్. ఈ రోజుల్లో ఎవడు పడితే వాడు రాస్తున్నాడు" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెబితే బాగుంటుంది గానీ, పట్టింది. ఎందుకంటే మాటల్లో అతని రేటు పన్నెండు పైసలని తెలిసింది. నాది పదిహేను. సీనియర్ని కదా, ఆ మాత్రం తేడా ఉండాలని లోపల ఒక తృప్తి. వారం తిరక్కుండా రైటర్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. కొత్తగా చాలామంది చేరుతున్నారు కాబట్టి ఇకనుంచి అందరికీ 12 పైసలు. మార్చికల్లా పది. ఆ చేరినవాళ్ళలో నా 7 సులభ మార్గాలు చదివి వచ్చినవాళ్ళెందరో! కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి కథ పిల్లలకు ఏటేటా చెబుతాను. వాడు కనీసం గొడ్డలికి డబ్బు తీసుకోలేదు. నేను 75 రూపాయలు, పది శాతం కోత పోను, పుచ్చుకున్నాను.

సోషల్ సారు మూడు వారాల్లో మానేశాడు. "నూరు మాటలు రాస్తే పన్నెండు రూపాయలు సార్. రెండు కొత్తిమీర కట్టలు అమ్ముకుంట అంతకన్నా" అన్నాడు. రేటు రూపాయల్లోనా, పైసల్లోనా అని అతను మొదటి రోజే అడిగాడట.

ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఒక్క 'మరియు' రాయకుండా వచ్చిన రెండు వేలు. రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ పని మానేయాలనిపించింది, మానేశాను. అంత సులువని తెలిస్తే ముందే మానేద్దును.

టీడీఎస్ సంగతి జులైలో తేలింది. సీఏ చదువుతున్న మా పాత విద్యార్థిని ఒకామె, "ఏడాదంతా కోసింది వెనక్కి రావచ్చు సార్" అని, కోసిన పన్ను నమోదయ్యే ఫారం 26ఏఎస్ తెరిచి చూసింది. ఏడాది మొత్తం నా సంపాదన 15,600. కోసింది 1,560. ఫారంలో ఏమీ లేదు. ఒకే సంస్థ నుంచి ఏడాదికి 30 వేలు దాటితేనే అప్పట్లో ఆ కోత ఉంటుందట. కోసినా, 2020 మే నుంచి 2021 మార్చి వరకు రేటు పది కాదు, ఏడున్నరేనట. "మీరు అడగలేదా సార్?" అంది. 30 వేలన్న అంకె వినగానే నాకు వేరే సున్నా ఏదో గుర్తొచ్చి, టీ తాగి వెళ్ళమన్నాను.

సొంతంగా సంధుల మీద ఒక చిన్న వెబ్‌సైటు కూడా పెట్టాను, పశ్చాత్తాపం లాంటిది. పది డాలర్లు చేరాక యాడ్‌సెన్స్ వాళ్ళ పిన్ నంబరు పోస్టులో వచ్చింది. నిజం డాలర్లు! నూరు చేరితే గానీ చేతికివ్వరు. పరీక్షల ముందు నాలుగు రోజులు తప్ప సంధులతో ఎవరికీ పనిలేదు గనక, అది అక్కడే ఉంది.

సెప్టెంబరు ఒకటిన బడి తెరిచారు. సోషల్ సారు బండి మీదే బడికి వస్తున్నాడు, కూరగాయల బుట్టలు విప్పేశాడు. కానీ ఆ శాంపిల్ ఫోన్లోంచి తీసెయ్యలేదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక, కూరలో కరివేపాకు కనబడితే చాలు, దాన్ని చిటికెన వేలితో ఎత్తి పట్టుకుని వాక్యం అందుకుంటాడు. హిందీ టీచరుకు పొలమారేదాకా చదువుతాడు. అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను.

మొన్న శనివారం నావైపు తిరిగి, "తెలుగు సార్, మీరు చెప్పుండ్రి. దీన్ని బాగుచేస్తే ఎన్ని మాటల్ల అయిపోతది?" అన్నాడు.

"పదహారు మాటలున్నాయి సార్, నాలుగు చాలు" అన్నాను.

అందరూ నవ్వారు. అతను ఫోన్ దగ్గరికి తెచ్చుకుని వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదహారే. తలెత్తి, "చూడకుంటనే ఎట్ల చెప్పిండ్రు సార్?" అన్నాడు.

బెల్లు కొట్టారు. నాకు ఎయిత్ బీ.